అయ్యిందట

హార్డ్ డిస్కుకు కరెంటిచ్చి మూడు లెక్కపెట్టేలోపే వనజ స్విచ్చి కట్టేసింది. వినాల్సింది ఆ మూడు లెక్కల్లోనే వినేసింది. లోపల పళ్ళెం తిరగడం మొదలైంది, చదివే ముల్లు చోటు వెతుక్కుంటూ పోయి గోడకు కొట్టుకుంది, వెనక్కొచ్చింది, మళ్ళీ కొట్టుకుంది. తాళంచెవి పోగొట్టుకున్నవాడు తన ఇంటి తలుపు తానే బాదుకుంటున్నట్టు ఉంది ఆ చప్పుడు. ఇంకోసారి కరెంటిస్తే ముల్లు పళ్ళేన్ని గీకేస్తుంది. అప్పుడిక గోక్కున్నా ఏమీ రాదు.

డిస్కును భూతద్దం కింద పెట్టింది. మూత మీద గుండుసూది మొన పట్టేంత గాలి రంధ్రం ఉండాలి. దాన్ని మూయవద్దని పక్కనే చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. అక్షరాలు కనిపించాయి గానీ రంధ్రం కనిపించలేదు. దాని మీద కుంకుమ బొట్టు ఉంది. ఒకటి కాదు, బొట్టు మీద బొట్టు, గోడకు వేసిన సున్నంలాగా పొరలు పొరలుగా గట్టిపడి ఉంది.

వనజకు నవ్వాగలేదు. సిరిసిల్లలో ఉన్న తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, ఈ డబ్బకు ఎన్ని బొట్లు పెట్టినవే?"

"దసరాకొకటి. ఏం, తక్కువైందా?" అంది భారతవ్వ.

"ముక్కుల పెట్టినవ్. ఊపిరాడక సచ్చింది."

"నీ నోట్ల మన్నువడ! అండ్ల మీ నాయిన ఫోటోలున్నయి, సచ్చిందంటవేందే? వస్తయా, రావా, అది చెప్పు."

"వస్తయి. ఎల్లుండి పొద్దుగాల బస్సెక్కి రా. నీ కండ్ల ముందటనే తీస్త."

భర్త పోయాక ఆయన కటింగ్ ప్లేయరు, టెస్టరు, నడుముకు కట్టుకునే తోలు పట్టా, ఇంటి కంప్యూటరులోంచి తీసిన ఈ డిస్కు, అన్నిటినీ ఒకే ఇనప పెట్టెలో పెట్టి ఏటా ఆయుధపూజ నాడు బొట్లు పెట్టుకుంటోంది భారతవ్వ. ఇంట్లో ఉన్నది గుర్తింపు కార్డులోంచి పెద్దది చేయించిన ఒక్క ఫోటో. అందులో లక్ష్మీరాజం మొహం ఎవరిదో అప్పు తెచ్చుకున్నట్టు బిగుసుకుని ఉంటుంది. నవ్వే మనిషి ఒక్కసారి కనిపిస్తే చాలని ఆమె ఆశ.

డిస్కు నుంచి ఫోటోలే కాదు, ఇంకొకటి కూడా తీయబోతున్నానని వనజ తల్లికి చెప్పలేదు. ఎవరు అడిగితే తీస్తున్నదో అసలే చెప్పలేదు.

*

హనుమకొండలో తాను పనిచేసే పరిశోధనశాలలో వనజ ఐదేళ్ళు తిప్పలు పడి ఒక యంత్రం చేసింది. దానికి వణుకుముల్లు అని పేరు పెట్టుకుంది. డిస్కు మీద రాత సన్నటి సాళ్ళలాగా పడుతుంది. మామూలు యంత్రాలు సాలులో ఏ గింజ పడిందో చూస్తాయి. వణుకుముల్లు గింజను పట్టించుకోదు, సాలు ఎక్కడ వంకర పోయిందో చూస్తుంది. కంప్యూటరు రాస్తుండగా గదిలో ఎవరైనా మాట్లాడితే బల్ల వణుకుతుంది, బల్ల వణుకు డబ్బాకు, డబ్బా వణుకు ముల్లుకు అందుతుంది. ఆ క్షణాన పడుతున్న సాలు వెంట్రుకలో వెయ్యోవంతు పక్కకు జరుగుతుంది. ఆ వంకరను తిరగేసి చదివితే గొంతు వినిపిస్తుంది. రాస్తున్నంతసేపే. రాత ఆగిందంటే దాని చెవి మూసుకున్నట్టే.

మొదటిసారి ఏదో ట్యూషను సెంటరు వాళ్ళ పాత డిస్కు మీద పరీక్షించారు. లెక్కల ప్రశ్నపత్రంలోంచి లెక్కల మాస్టారి గురక వచ్చింది. పేపర్లో వేశారు. ఆ పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, రెండు వారాల కింద ఒక ముసలాయన పరిశోధనశాలకు వచ్చాడు.

"నువ్వు వెల్ది లక్ష్మీరాజం బిడ్డవు గదా?"

వనజ పోల్చుకుంది. చిన్నప్పటి నుంచి ఆ మనిషి ఎదురొస్తే మొహం తిప్పుకోమని నేర్పించారు. అతను ఓదెలు. పదహారేళ్ళ కింద సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళ గల్లీకి కరెంటు పోయింది. కరెంటు ఆఫీసులో హెల్పరుగా ఉన్న లక్ష్మీరాజం, లైను బందు చేయించుకుని తన ఇంటి ముందు స్తంభమే ఎక్కాడు. ఆయన ఇంకా మీద ఉండగానే ఓదెలు లైను వేసేశాడు.

కోర్టులో భారతవ్వ సాక్ష్యం చెప్పింది. ఫోను తన దగ్గర ఉందని, ఓదెలు చేశాడని, పని ఇంకా కాలేదు, మనిషి మీదనే ఉన్నాడని తాను చెప్పానని. చెప్పినా వినకుండా వేశాడని. ఓదెలుకు రెండేళ్ళ జైలు పడింది. నౌకరీ పోయింది. ఇప్పుడు ఎవరి మగ్గాల షెడ్డులోనో నూలు కండెలు చుడుతున్నాడు.

"నేను చేసింది తప్పే బిడ్డా," అన్నాడు ఓదెలు, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "ఎక్కినోడు దిగి, వాని నోటితోని చెప్తేనే లైన్ వెయ్యాలె. ఇంటికి ఫోన్ చేసుడే తప్పు. కాదంట లేను. గానీ ఎవ్వలూ చెప్పకుంట వెయ్యలే. మీ అమ్మ 'అయ్యిందట అన్నా, వెయ్యి' అన్నది."

"మా అమ్మ కోర్టుల అబద్ధం చెప్పిందంటవా?"

"ఆమె 'అయ్యింది' అనలే. 'అయ్యిందట' అన్నది. అబద్ధమాడేటోన్నయితే అండ్ల ఆ 'ట' ఎందుకు పెట్టుకుంట బిడ్డా? నాకేం అక్కెర? గిదే మాట చెప్తే వకీలు నవ్విండు. జడ్జి సారు గుడ మూతికి చెయ్యడ్డం పెట్టుకుండు."

వనజకు మాత్రం నవ్వు రాలేదు. మన భాషలో ఆ ఒక్క అక్షరం మాట బరువును మోసుకొచ్చినవాడి భుజం మీంచి దించి, మొదట అన్నవాడి నెత్తిన పెడుతుంది. 'అయ్యింది' అంటే నేను చూశాను. 'అయ్యిందట' అంటే నన్నడక్కు, ఎవరో అన్నారు.

"ఇప్పుడెందుకు? నౌకరీ తిరిగి రాదు గదా."

"నాకే సందేహం వట్టుకున్నది. అరవై ఏడు నడుస్తున్నయి. కండె చుట్టుకుంట చుట్టుకుంట ఆగిపోత. నిజంగ అన్నదా, నేనే కల్పించుకున్ననా? అందరూ గన్నేండ్లు అబద్ధం అబద్ధం అంటే, మనకే అట్ల అనిపిస్తది. ఆ పొద్దు మీ ఇంట్ల కంప్యూటర్ నడుస్తుండె. ఫోన్ల బీపుబీపు అని ఇనచ్చింది. ఒక్కసారి చూడు."

"అబద్ధమని తేలితే?"

"మీ గల్లీ మొహం చూడ. ఈ మాట మళ్ళ నోట్లె కెళ్ళి రానియ్య."

వనజ ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే, అతని నోరు మూయించడానికే ఒప్పుకుంది.

*

భారతవ్వ స్టీలు డబ్బాలో సర్వపిండి పెట్టుకుని వచ్చింది. వరండా బల్ల మీద ఓదెలును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వీన్నెవలు పిలిచిన్రు?"

"పని మీద వచ్చిండే అమ్మా. లోపటికి రా."

"గీనికి నీతోని ఏం పని? మొగన్ని మింగినోడు బిడ్డ నౌకరీ కాడికి గుడ వచ్చిండా?"

ఓదెలు తలెత్తలేదు. బల్ల చివరికి జరిగాడు, అంతే. ఆమె చీర కుచ్చిళ్ళు అతనికి తగలకుండా పట్టుకుని లోపలికి పోయింది.

వనజ అప్పటికే దుమ్ము దూరని గాజు పెట్టెలో చేతులు పెట్టి, డిస్కు మూత విప్పి, లోపలికి రాలిన కుంకుమ పొడిని ఊదేసి, అదే రకం ఇంకో డిస్కులోంచి మంచి ముల్లు తీసి దీనికి అమర్చింది. ఇప్పుడు కొట్టుకోవడం లేదు. సన్నగా గాలి వీచినట్టు తిరుగుతోంది. ఫోటోలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. చిన్నమ్మ పెళ్ళి బరాత్‌లో లక్ష్మీరాజం తువ్వాల నోట కరుచుకుని ఎగురుతున్నాడు. చొక్కా గుండీలు మూడు ఊడి ఉన్నాయి.

"సూడు, సూడు, ఎట్ల ఎగురుతున్నడో! ఆ పొద్దు తాగలేదని నా మీద ఒట్టు పెట్టిండు, దొంగ సచ్చినోడు," అంది భారతవ్వ. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. పదహారేళ్ళలో తల్లి మొహం అంత విచ్చుకోవడం వనజ చూడలేదు.

తల్లిని ఫోటోల దగ్గర వదిలి వణుకుముల్లు ఉన్న గదిలోకి వెళ్ళింది. ఆ రోజు తరువాత ఇంట్లో ఆ కంప్యూటరును ఎవరూ ముట్టలేదు. కాబట్టి పళ్ళెం మీద పడ్డ చివరి సాలు ఆ మధ్యాహ్నానిదే. పదకొండేళ్ళ వనజ, చిన్నమ్మ పెళ్ళి సీడీని డిస్కులోకి కాపీ చేస్తోంది. గీతలు పడ్డ సీడీ, ఎంతకూ తెమలదు. తనకు గుర్తున్నది అంతే. ఆ తరువాత ముందుగదిలో బట్ట నేసే నాలుగు సాంచాలు ఒక్కసారిగా మొదలవడం, తల్లి కేక, జనం.

హెడ్‌ఫోను పెట్టుకుంది.

మొదట సాంచాల మోత తప్ప ఏమీ లేదు. సిరిసిల్లలో మరమగ్గాలున్న ఏ ఇంట్లోనైనా అంతే, ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా దొరకదు. ఉన్నట్టుండి మోత ఆగింది. కరెంటు పోయింది. బ్యాటరీ మీద కంప్యూటరు నడుస్తోంది. బ్యాటరీ డబ్బా బీప్ అంటోంది. ఆ నిశ్శబ్దంలో ఇల్లు వినిపించింది. గిన్నె పెట్టిన చప్పుడు. పట్టీలు. దగ్గు.

"వనీ, బందు చెయ్యే. ఆ డబ్బ సచ్చిపోతది. అయ్యిందా?" వయసులో ఉన్న తల్లి గొంతు.

"ఇంకొంచెం."

బీప్. బీప్. చాలాసేపు బీప్.

ఫోను మోగింది.

"హలో... ఆఁ, ఓదెలన్నా. ఫోను ఇంట్లనే పెట్టి ఎక్కిండు. ఆగు, అడుగుత."

ఆగు, అడుగుత. కోర్టులో ఈ మాట లేదు.

"అయ్యిందా?" తల్లి పెద్దగా అరిచింది.

ఒక సందు. ఒక జవాబు.

"అయ్యిందట అన్నా, వెయ్యి."

'ట' ఉంది. గోరంత అక్షరం, పదహారేళ్ళు పళ్ళెంలో పడి ఉంది. తన తల్లి దేవుని మీద ప్రమాణం చేసి అబద్ధం చెప్పింది. బయట కూర్చున్న మనిషి రెండేళ్ళు జైలు కూడు తిన్నాడు.

మరి జవాబిచ్చిందెవరు? నాయినే అయి ఉండాలి. పని అయిందనుకుని స్తంభం మీంచి చెప్పి ఉంటాడు, మళ్ళీ ఏదో తీగ ముట్టుకుని ఉంటాడు. అలా అయితే ఎవరి తప్పూ లేదు. ఆ గొంతు కోసమే వెనక్కి తిప్పింది. నాయిన చివరి మాట వినబోతున్నాననుకుంది.

"అయ్యిందా?"

"ఆఁ... అయ్యింది!"

సన్నటి గొంతు. విసుగు ఉన్న గొంతు. నాయినది కాదు. డిస్కుకు ఇంత దగ్గరగా స్తంభం మీది మనిషి గొంతు రాదు. ఇది కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి గొంతు.

వనజ నాలుగుసార్లు విన్నది.

కంప్యూటరు ఆపమంటూ తల్లి ఇందాక అడిగిన ఆ 'అయ్యిందా' అనుకుని పలికిన జవాబు అది. నిజానికి అవలేదు కూడా. రాత ఇంకా సాగుతూనే ఉంది, అందుకే ఇదంతా వినిపిస్తోంది. చెప్పులు వేసుకోకముందే 'వచ్చేసిన' అనే మనుషులం మనం. పొయ్యి మీద ఎసరు కూడా మరగకముందే 'అయిపోయింది, కూసోండ్రి' అంటాం. అలాంటి అయ్యింది అది. అడిగేవాళ్ళు ఇక అడగకుండా ఉండడానికి ఒక పిల్ల విసిరిన అయ్యింది.

ఆ తరువాత రెండు బీపులు. ఆపైన సాంచాలు మొదలయ్యాయి, నాలుగూ ఒక్కసారే. ఆ మోత కింద ఇంకేమీ లేదు.

*

"అమ్మా, ఇటు రా."

భారతవ్వ ఇంకా నవ్వు మొహంతోనే వచ్చింది. "ఆ తువ్వాల ఫోటో పెద్దగ చేయించియ్యి, గోడకు—"

"ఇది పెట్టుకో. మన ఇల్లే. ఆ పొద్దుటిది. ఇంట్ల మాటలన్నీ దీంట్ల ఉన్నయి."

అర్థం కాక పెట్టుకుంది. వనజ మొదటి నుంచి వేసింది. మోత ఆగిన చోట ఆమె మొహం ఎత్తింది. తన గొంతు తానే విని చెంపకు చేయి ఆనించుకుంది. ఫోను మోగింది. 'ఆగు, అడుగుత' వచ్చింది.

భారతవ్వ హెడ్‌ఫోను లాగేసింది.

'అయ్యిందా' అన్న మాట ఇంకా రాలేదు. జవాబు అసలే రాలేదు. ఏమి రాబోతోందో తెలియని మనిషి అక్కడ తీయదు. వనజ అది చూసింది. ఈ పొద్దు విన్నవాటన్నిటి కంటే, తల్లి వినకుండా లాగేయడమే ఆమెను ఎక్కువ కొట్టింది.

"నీకు ఎరుకేనా?"

భారతవ్వ హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టుకుంది.

"అమ్మా, ఆ గొంతు నాదని నీకు ఎరుకేనా?"

"కన్నదాన్ని. నీ గొంతు నాకు తెల్వదా?" నేల మీద కూలబడింది. "మీ నాయిననే అడిగిన. కిటికీల కెళ్ళి వచ్చిందో, లోపటి కెళ్ళి వచ్చిందో, అప్పుడు సోయి లేదు. అయ్యింది అని ఇనచ్చింది, అయ్యిందట అన్న. సాంచెలు మొదలైనంక... అప్పుడు తెల్సింది."

"మరి కోర్టుల?"

"అయ్యిందట అన్న అని చెప్తే, ఎవలన్నరని అడుగుతరు. ఎవల పేరు చెప్పాలె? పదకొండేండ్ల పిల్లవు. నాయినను సంపుకున్న పిల్ల అని గల్లీ గల్లీ అంటది. నువ్వు బతుకుతుంటివా? సదువుతుంటివా? ఆ 'ట' ఒక్కటి తీసేస్తే అయిపోతదనుకున్న. తియ్యాల్నంటే మొత్తం మాటే తీసి, కాలేదన్న అని చెప్పవలసి వచ్చింది."

"ఓదెలు?"

"మొగోడు. పెద్దోడు. వాని తప్పు గుడ ఉండె గదా. మోస్తడనుకున్న." కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ తీసి, "చెరిపెయ్యి బిడ్డా. నీ చేతుల మిషినే గదా. ఏం రాలేదని చెప్పు. ముసలోడు, నాలుగేండ్లల్ల పోతడు," అంది.

చెరపడం పెద్ద పని కాదు. గుండుసూదితో పళ్ళెం మీద ఒక్క గీత. వనజ చూపు గుండుసూదుల డబ్బా మీదికి పోయింది కూడా. లేచి వరండాలోకి వెళ్ళి ఓదెలును పిలిచింది.

*

ఓదెలు హెడ్‌ఫోను పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. 'అయ్యిందట' దగ్గరికి రాగానే తొడ చరుచుకున్నాడు.

"ఉన్నది! 'ట' ఉన్నది! నేను కల్పించుకోలే! ఉన్నదే!" చిన్నపిల్లవాడిలా నవ్వుతూ లేచి నిలబడ్డాడు. మూలన కూర్చున్న భారతవ్వను కూడా మరిచిపోయాడు. "మళ్ళొకసారి వెయ్యి బిడ్డా."

రెండోసారి వింటుండగా నవ్వు మధ్యలో ఆగింది. హెడ్‌ఫోను తీసి చేతిలో పట్టుకుని, వనజ వైపు తిరిగాడు.

"ఆ సన్న గొంతు..."

"నాదే పెదనాయినా."

ఆ వరస ఆమె నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఓదెలు కూర్చున్నాడు. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాడు.

"నేను నీ గురించి అనుకోనే లేదు," అన్నాడు. "మీ అమ్మను తిట్టిన, మీ నాయినను తిట్టిన, దేవున్ని తిట్టిన. ఇంట్ల పిల్ల ఉంటదన్న సోయే లేదు నాకు."

"ఇది కాయితం మీద రాసిస్త. కోర్టుల పెట్టుకోవచ్చు."

"అండ్ల గొంతు ఎవలిదో రాయాల్నా?"

"రాయాలె. దానికో గడి ఉంటది. అది ఖాళీగుంటే కాయితం చెల్లది."

భారతవ్వ మూలనుంచి చేతులు జోడించింది. ఓదెలు ఆమెను చూశాడు, వనజను చూశాడు. వద్దులే బిడ్డా అంటాడేమోనని వనజ ఎదురుచూసింది. తనకు తెలియకుండానే ఆ మాట కోసం చెవి పెట్టింది.

"రాయి," అన్నాడు ఓదెలు. "నీ మీద కోపం లేదు. పసిపిల్లవు, నీకేం తెల్సు? గానీ నా ఇంటిది జైలు కాడికి కూటి గిన్నె తెచ్చి తెచ్చి సచ్చిపోయింది. ఆ గిన్నె మీద గుడ నా పేరే ఉండె. పదహారేండ్లు కోర్టు కాయితం మీద ఒక్క నా పేరే ఉన్నది. పక్కపొంటి ఇంకో పేరు పడనియ్యి."

వనజ ఫారం తీసింది. తేదీ రాసింది, డిస్కు నంబరు రాసింది. గొంతులు అన్న గడి దగ్గరికి వచ్చింది. వెల్ది అని ఇంటిపేరు రాసి, తన పేరు మొదటి అక్షరం కోసం కలం ఆనించింది. సిరా కాగితం మీద ఊరి చుక్క అయింది గానీ అక్షరం కావడం లేదు.

చీర చప్పుడు వినిపించింది. భారతవ్వ గోడ పట్టుకుని లేచి, ఓదెలు కుర్చీ పక్కనుంచే నడిచి వచ్చి, బల్ల దగ్గర నిలబడింది. చదువు రాని మనిషి. ఏ గడి ఎక్కడుందో తెలియక కాగితం మీద చూపుడువేలుతో తడుముకుంది. కలం మొన ఉన్న చోట ఆ వేలు ఆగింది.

"నీది తరువాత," అంది. "వెయ్యమన్నది నేను. ముందుగాల భారతి అని రాయి."